వాతపు వేళ్లకి షుగరు మిషను: అక్యూ-చెక్ ఇన్‌స్టంట్ ఎంతవరకు పనికొస్తుంది?

షుగరు మిషను కొనేటప్పుడు మెడికల్ షాపులో అందరూ అడిగేది "కరెక్టుగా చూపిస్తుందా" అని. ఐఎస్ఓ 15197 అనే ప్రమాణం ప్రకారం నూటికి 95 రీడింగులు, షుగరు 100 దాటినప్పుడు అసలు విలువకి 15 శాతం అటూ ఇటూ లోపల ఉంటే చాలు. అంటే ఒంట్లో 200 ఉన్నప్పుడు మిషను 170 చూపించినా, 230 చూపించినా లెక్క ప్రకారం తప్పు లేదు. ఈ ప్రమాణం అందుకున్న మిషన్ల మధ్య ఇంకా కచ్చితమైనది ఏదని వెతుక్కోవడంలో పెద్ద లాభం లేదు. షుగరుతో పాటు రుమటాయిడ్ కీళ్లవాతం కూడా ఉన్నవాళ్లకి తేడా అంతా వేళ్ల దగ్గరే వస్తుంది. ఒక్క పరీక్షకి బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఎన్నిసార్లు గిల్లి పట్టుకోవాలి, ఎన్నిసార్లు మెలితిప్పాలి? మిషన్లని ఆ లెక్కతో చూడాలి.

ఆ లెక్కలో అక్యూ-చెక్ ఇన్‌స్టంట్ మిషనుకి మంచి మార్కులే పడతాయి. స్ట్రిప్పు దూర్చగానే దానంతట అదే ఆన్ అవుతుంది, కొత్త డబ్బా తెరిచినప్పుడల్లా కోడ్ చిప్పు మార్చే గొడవ లేదు. 0.6 మైక్రోలీటరు రక్తం చాలు, అంటే గసగసాల గింజంత బొట్టు. స్ట్రిప్పు పసుపు అంచులో ఎక్కడ తాకించినా పీల్చుకుంటుంది కాబట్టి వణికే చేతికి గురి తప్పదు. 4 సెకన్ల లోపే అంకె వస్తుంది. అన్నిటికన్నా ఉపయోగపడేది స్ట్రిప్పుని బయటికి నెట్టే బటన్. ఇది లేని మిషన్లలో రక్తం అంటిన సన్నటి స్ట్రిప్పుని గోళ్లతో పట్టి లాగాలి. ఇక్కడ మిషనుని చెత్తడబ్బా మీద వంచి బటన్ నొక్కితే పడిపోతుంది. పొద్దున్నే వేళ్లు మడత పడనివాళ్లకి ఇది చిన్న సౌకర్యమేమీ కాదు.

ఇబ్బంది స్ట్రిప్పుల డబ్బాతో మొదలవుతుంది. చాలా కంపెనీలది అదే తీరు: బిగుతు మూత, లోపల ఇరుక్కుని నిలబడ్డ 50 స్ట్రిప్పులు. మూతని బొటనవేలితో ఎత్తే బదులు, డబ్బాని రెండు అరచేతుల మధ్య పట్టుకుని మూత పెదవిని బల్ల అంచుకి ఆనించి పైకి నెట్టండి. స్ట్రిప్పు కోసం వేళ్లు లోపల పెట్టొద్దు, అసలు దూరవు కూడా. డబ్బాని పక్కకి వంచి మెల్లగా తడితే ఒకటి రెండు ముందుకి జారతాయి. అరచేతిలో బోర్లిస్తే చెమట అంటి మిగతావి పాడవుతాయి. తీసిన వెంటనే మూత వేసెయ్యాలి. తెరవడం తేలిక కదా అని మాత్రల డబ్బాలోకి మార్చుకునేవాళ్లున్నారు. చెమ్మ పీల్చే మందు ఆ అసలు డబ్బాలోనే ఉంటుంది, మారిస్తే రీడింగులు నమ్మడానికి లేదు.

చేతికి అసలు పరీక్ష వేలు గుచ్చే సూది పెన్నుతోనే. ఈ మిషనుతో చాలాచోట్ల ఇచ్చే సాఫ్ట్‌క్లిక్స్ మంచి పెన్నే. గుచ్చే లోతుకి 11 అంచెలున్నాయి, నొప్పి తక్కువ. కానీ వరస చూడండి: టోపీ లాగాలి, సూది దూర్చాలి, సూది మీది గుండ్రటి బిళ్లని మెలితిప్పి తెంపాలి, టోపీ మళ్లీ పెట్టాలి, వెనక బటన్ లోపలికి నొక్కాలి, అప్పుడు గుచ్చాలి. ఆ బిళ్ల మెలితిప్పడం దగ్గరే వాతపు చెయ్యి ఓడిపోతుంది. బిళ్లని రబ్బరు ముక్కతోనో, వంటింట్లో సీసా మూతలు తీసే రబ్బరు గుడ్డతోనో పట్టుకుంటే పట్టు దొరుకుతుంది. పెన్ను ఒంటికి రెండు మూడు రబ్బరు బ్యాండ్లు చుడితే లావై జారదు. వెనక బటన్‌ని వేలితో నొక్కనక్కర్లేదు, పెన్నుని నిలబెట్టి బల్లకేసి అదిమితే సరిపోతుంది.

ఇదంతా తప్పించుకోవాలని చాలామంది ఒకే సూదిని వారాల తరబడి వాడతారు. మొన వంగి నొప్పి పెరుగుతుంది, అది సరే. వాతానికి మెథోట్రెక్సేట్, స్టెరాయిడ్, బయొలాజిక్ ఇంజెక్షన్లు లాంటి మందులు వాడేవాళ్లకి రోగనిరోధక శక్తి తగ్గి ఉంటుంది, పైగా షుగరు. వేలికి చీము పట్టే అవకాశం వాళ్లకే ఎక్కువ. పెన్ను సాగనివాళ్లు వేలికి అదిమితే దానంతట అదే గుచ్చే సేఫ్టీ లాన్సెట్లు వాడుకోవచ్చు. ఒక్కసారికే పనికొస్తాయి, మామూలు సూదికన్నా ఖరీదెక్కువ, కానీ టోపీ, బటన్, లోతు అన్న తతంగమే లేదు.

గుచ్చే ముందు గోరువెచ్చని నీళ్లలో చేతులు కడిగి పూర్తిగా తుడవాలి. బిగుసుకున్న కీళ్లూ కాస్త వదులవుతాయి, రక్తమూ దిగుతుంది. మామిడిపండు కోసిన చేత్తో పరీక్ష చేస్తే ఒంట్లో లేని షుగరు మిషనులో కనిపిస్తుంది. ఆరోజు వాపు లేని వేలిని ఎంచుకుని కొసకి పక్కగా గుచ్చండి. చెయ్యి కాసేపు కిందికి వేలాడేసి, అరచేతి నుంచి వేలి కొస వైపు మెల్లగా నిమరాలి. గణుపు దగ్గర పట్టి గట్టిగా పిండితే కీలు నొప్పి ఒకటి, రక్తంలో నీరు కలిసి రీడింగు మారడం ఇంకొకటి. బొట్టు చాలకపోతే స్ట్రిప్పు దండగే. కాంటూర్ ప్లస్ అనే ఇంకో మిషనులో అదే స్ట్రిప్పుకి కొన్ని సెకన్లలో ఇంకో బొట్టు అందించే వీలుంది. బొట్టు సరిగ్గా రానివాళ్లు దాన్నీ చూడొచ్చు.

ఎంత మంచి మిషనైనా వేళ కాని వేళ వాడితే లాభం లేదు. వాతానికి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర పొద్దున టిఫిన్‌తో వేసుకునేవాళ్లలో షుగరు మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఎగిరి, తెల్లారేసరికి దిగిపోతుంది. పరగడుపు రీడింగు 110 చూసి అంతా బాగుందనుకుంటే మోసపోయినట్టే. మధ్యాహ్నం భోజనమైన రెండు గంటలకీ, రాత్రి భోజనానికి ముందూ చూడాలి. ఆ వేళకి వేళ్లూ కాస్త మాట వింటాయి. కీలులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకుంటే కొన్ని రోజులు పెరగొచ్చు. స్టెరాయిడ్ తగ్గించేటప్పుడు షుగరు మందు కూడా తగ్గించాల్సి రావచ్చు. డాక్టరుని అడగకుండా ఊరుకుంటే లో-షుగరు రావచ్చు. స్టెరాయిడ్‌ని మాత్రం సొంతంగా హఠాత్తుగా ఆపకూడదు. వాతానికి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర కూడా షుగరుని కాస్త తగ్గిస్తుంది. గ్లిమిపిరైడ్ లాంటి షుగరు మాత్రతో కలిసినప్పుడు వణుకు, చెమట వస్తే వాతం నీరసం అనుకోకుండా వెంటనే పరీక్ష చేసుకోవాలి.

మూడునెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ ఉంది కదా, వేలు గుచ్చుకోవడం ఎందుకంటారు కొందరు. వాతంతో పాటు రక్తహీనత మామూలే. ఇనుము తక్కువైతే ఆ అంకె ఉన్నదానికన్నా పెరుగుతుంది, ఎర్రకణాలు త్వరగా చితికిపోతుంటే తగ్గుతుంది. రక్తహీనత ఎక్కువగా ఉంటే కొన్ని మిషన్లూ ఎక్కువ చూపిస్తాయి. డబ్బాలోని కాగితంలో హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వంతు) హద్దు రాసి ఉంటుంది. ఇన్‌స్టంట్‌కి అది 10 నుంచి 65 శాతం, బాగా విశాలమైనదే.

ఇక ఎండ. స్ట్రిప్పులని 30 డిగ్రీలు దాటనివ్వకూడదు. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఇంట్లోనే ఆ హద్దు దాటిపోతుంది. ఇన్సులిన్‌ని తడికుండలో పెట్టినట్టు వీటినీ పెడితే చెమ్మకి పోతాయి, ఫ్రిజ్‌లోనూ వద్దు. 50 డబ్బా బదులు చిన్న ప్యాక్ కొని, ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గదిలో పొయ్యికి దూరంగా పెట్టుకోవడం మేలు.

గుచ్చుకునే పనే వద్దనుకుంటే ఫ్రీస్టైల్ లిబ్రే అనే ఒంటికి అంటించే సెన్సార్ ఉంది. జబ్బ వెనక అంటిస్తే 14 రోజులు పనిచేస్తుంది, అతికించిన గంట తర్వాత రీడింగులు మొదలు. జబ్బ వెనక్కి చెయ్యి అందనివాళ్లకి ఇంకొకరి సాయం కావాలి. ఆ భుజం మీద ఒత్తిగిలి పడుకుంటే లేని లో-షుగరు చూపిస్తుంది. విటమిన్ సి మాత్రలు ఎక్కువ వేసుకుంటే అంకె పెరుగుతుంది. ఇంకొన్ని కంపెనీల సెన్సార్లు పారాసెటమాల్‌కీ తప్పు చూపిస్తాయి, కీళ్లనొప్పులకి అది రోజూ మింగేవాళ్లు ముందే అడిగి తెలుసుకోవాలి. ఖర్చు స్ట్రిప్పులకి ఎన్నో రెట్లు. ఏడాది పొడుగునా కాకపోయినా, స్టెరాయిడ్ డోసు మారే రెండు వారాలు పెట్టించుకుంటే మధ్యాహ్నపు ఎగుడు ఎంతో గీత గీసినట్టు కనిపిస్తుంది. ఆ ఖర్చు దండగ కాదు.

కొనడానికి సాయంత్రం వెళ్లకండి. ఆ వేళకి వేళ్లు సాగి ఉంటాయి, ఏ పెన్నైనా తేలిగ్గానే నొక్కగలుగుతారు. షాపు తెరిచీ తెరవగానే, బిగుసుకున్న చేత్తో వెళ్లి పెన్ను టోపీ లాగి చూపించమని కాకుండా, మీరే లాగి చూడండి.