చొల్లంగి అమావాస్య నాడు కోరంగి పాయలో

పుష్య బహుళ అమావాస్యకు చొల్లంగిలో సముద్రస్నానాలు జరుగుతాయని మాకు తెలుసు. ఆ సంగతికీ మా ప్రయాణానికీ సంబంధం ఉందని మాత్రం తోచలేదు. కనుక సరిగ్గా ఆ రోజునే మేము నలుగురం తెడ్డుతో నడిపే చిన్న పడవలు, రెండు కయాక్‌లు, కారుపైన కట్టుకొని కాకినాడ నుంచి కోరంగి మడ అడవుల వైపు బయలుదేరాము. అటవీశాఖ అనుమతి చేతిలో ఉంది, దారి చూపడానికి ఒప్పుకొన్న మత్స్యకారుడు గట్టున ఎదురుచూస్తున్నాడు. మేము చూసుకోనిది సముద్రపు నీరు ఎక్కే పోటు వేళ ఒక్కటే.

బస చేసిన హోటల్‌కు వంక పెట్టడానికి లేదు. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి, కయాక్‌లు దించుకోవడానికి చోటు ఇచ్చారు. అయితే ఉదయం ఫలహారం ఎనిమిదిన్నరకు గాని మొదలుకాదు. డబ్బు కట్టాము కదా అని తిని బయలుదేరితే, చొల్లంగి దగ్గర స్నానాలు చేసి తిరిగి వస్తున్న జనంలో చాలాసేపు ఆగిపోయాము. పడవలు నీటిలో దించేసరికి పదకొండు అయింది. ఆనాటి పోటు తొమ్మిది దాటగానే నిండి, అప్పటికే వెనక్కు లాగుతోంది.

“అమావాస్య పోటండి, ఎంత ఎక్కుద్దో అంతా లాగేస్తదండి. ఇప్పుడు లోపలికెళ్తే మళ్లీ నీరొచ్చేదాకా బురదలోనే ఉండాలండి” అని ఆ మత్స్యకారుడు చెప్పాడు. హైదరాబాదు నుంచి ఇంత దూరం వచ్చామన్న మొండితనంతో మేము వినలేదు. పెద్ద పాయలోనుంచి చీలిన చిన్న పాయలో ఎదురునీటికి తెడ్డు వేస్తూ రెండు గంటలు శ్రమించాక, ఒంటిగంటన్నర ప్రాంతంలో ముందు కయాక్ అడుగు నేలను తాకింది. చూస్తుండగానే నీరు తగ్గి, తెల్లమడ చెట్ల చుట్టూ శ్వాసవేర్లు మేకుల్లా పైకి తేలాయి. వాటి మధ్య కళ్లు పైకి పెట్టుకొన్న చిన్న చేపలు బురదమీద గెంతసాగాయి. దిగి తోద్దామని ఒకడు కాలు పెడితే మోకాలి పైదాకా దిగబడింది, చెప్పు లోపలే ఉండిపోయింది. నాలుగున్నర దాటాక గాని కదలలేకపోయాము.

ఆ మూడు గంటలలో తలకెక్కిన లెక్క ఇది. మన తూర్పు తీరంలో రోజుకు రెండు పోట్లు, నీరు తగ్గే ఆట్లు రెండు; ఒక పోటుకూ తరువాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు, కనుక ప్రతిరోజూ వేళ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణముల తరువాత ఒకటి రెండు రోజులలో ఎక్కుదల, తగ్గుదల రెండూ ఎక్కువ. అష్టమి దాటాక తక్కువ. నీరు సమానంగా తగ్గదు. మొత్తం తేడాను 12 భాగాలు చేస్తే, ఆరు గంటలలో వరుసగా 1, 2, 3, 3, 2, 1 భాగాలు తగ్గుతాయన్నది నావికుల పాత అంచనా. తేడా 1.2 మీటర్లయితే మొదటి గంటలో 10 సెంటీమీటర్లే పోతుంది, మూడో గంటలో 30 పోతుంది. మేము దిగింది నీరు జోరుగా తగ్గే గంటలలోనే. ఖంభాత్ సింధుశాఖలో ఎనిమిది మీటర్లు దాటే పోటుతో పోలిస్తే మన తీరానిది చిన్నదే, కానీ అడుగు చదునుగా ఉన్న పాయలో అర మీటరు చాలు.

పోటు వేళలు దొరకనివేమీ కావు. సర్వే ఆఫ్ ఇండియా ఏటా పట్టికలు అచ్చువేస్తుంది. కేంద్రప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ముందస్తు అంచనాలు ఇస్తుంది, ఆ సంస్థ ఉన్నది మా హైదరాబాదులోనే. పట్టికలోని వేళ ఓడరేవుదని మాత్రం గుర్తుంచుకోవాలి. లోపలి పాయలో మాకు నలభై నిమిషాల ఆలస్యం కనిపించింది. గోదావరికి వరద ఉన్న నెలలలో నదీజలం కూడా తోడై ఆటు మరింత బలంగా లాగుతుంది.

రెండోసారి పౌర్ణమి తరువాతి విదియను ఎంచుకొని, తాళ్లరేవు దగ్గర ఒక ఇంటి మేడమీద గది తీసుకొన్నాము. స్నానాలగది బయట ఉంది, కరెంటు రెండుసార్లు పోయింది. అయినా ఆ ఇంటి అమ్మగారు ఐదింటికే పొయ్యి వెలిగించి పెసరట్లు కట్టి ఇచ్చారు. ఏడున్నరకు పోటుతో పాటు లోపలికి వెళ్లి, పదిన్నర దాటాక ఆటుతో తెడ్డు ఊరికే ఆనించి, మధ్యాహ్నపు సముద్రపు గాలి లేవకముందే గట్టెక్కాము. కయాక్ యాత్రికుడికి నేను ఈ గదినే సిఫారసు చేస్తాను. కుటుంబంతో వెళ్లేవారికి కాకినాడ హోటలే నయం.

అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో ఇదే విషయం మరోలా ఎదురైంది. అక్కడ మమ్మల్ని మడ పాయలలోకి తీసుకెళ్లిన నిర్వాహకులు బుక్ చేసుకొన్నప్పుడు వేళ చెప్పలేదు. ముందురోజు సాయంత్రం పట్టిక చూసి చెప్పారు. మొదట నిర్లక్ష్యమనుకొని విసుక్కొన్నాను, కానీ మంచి సేవ అంటే అదే. శీతకాలంలో అక్కడ సూర్యుడు సాయంత్రం ఐదున్నరలోపే అస్తమిస్తాడు గనుక పోటూ వెలుతురూ రెండూ కలిసిన గంటలు కొద్దిగానే దొరుకుతాయి. మేము దిగిన రిసార్ట్ మాత్రం గోవింద్‌నగర్ వైపు తీరంలో, “గది ముందే కయాకింగ్” అని రాసుకొంది. ఆటు సమయంలో అక్కడ నీరు దూరం జరిగి పగడపు రాళ్లు బయటపడతాయి. వాటిమీద పడవ మోసుకెళ్లడం కాళ్లకూ మంచిది కాదు, పగడాలకూ మంచిది కాదు. ఆ ఫొటో పోటు వేళ తీసినదని వారు ఒక్కమాట రాసి ఉంటే సరిపోయేది.

మళ్లీ కోరంగికి వెళ్లాలని తాళ్లరేవు ఇంటికి ఫోన్ చేస్తే, ఇంటాయన తారీఖు అడగలేదు. “ఏ తిథికండి?” అన్నారు.