మోకాళ్లకి పరుగు మేలా, నడక మేలా?

మా పాలకొల్లు వైపు తెల్లారగట్ల కాలవ గట్టు మీద రెండు జట్లు కనిపిస్తాయండి. పరిగెత్తే కుర్రాళ్లు, చేతులూపుకుంటూ నడిచే పెద్దలు. పెద్దలు కుర్రాళ్లని చూసి అనే మాట ఒకటే: "మోకాళ్లు అరిగిపోతాయిరా అబ్బాయ్!"

అరగడానికి మోకాలు సైకిల్ టైరు కాదు. కీలులో ఎముకల చివర్లని కప్పి ఉండే నున్నటి పొర, అదే మృదులాస్థి, దానికి రక్తనాళాలుండవు. ఒత్తిడి పడి వదిలినప్పుడల్లా చుట్టూ ఉన్న ద్రవం నుంచే దానికి పోషణ అందుతుంది. 2017లో పలు అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్షలో తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల సరదాకి పరిగెత్తేవాళ్లలో 3.5 శాతం, పరుగు జోలికి పోనివాళ్లలో 10.2 శాతం, పోటీల స్థాయిలో పరిగెత్తేవాళ్లలో 13.3 శాతం కనిపించింది. (మోకాళ్లు బాగున్నవాళ్లే పరుగు కొనసాగిస్తారేమో, అదీ చూసుకోవాలి.)

నడకలో ఒక్కో అడుగుకి పడే భారం తక్కువే. కానీ కిలోమీటరుకి అడుగులు ఎక్కువ, అందుకని మొత్తం మీద తేడా మనం అనుకున్నంత ఉండదు. అయినా మోకాలు వాచినవాళ్లకి, పాత దెబ్బ ఉన్నవాళ్లకి, ఒళ్లు బాగా బరువైనవాళ్లకి నా ఓటు నడకకే. మిగతావాళ్లు నిక్షేపంలా పరిగెత్తొచ్చు, ఒక్కసారిగా దూరం పెంచేయకుండా.

వానాకాలం సంగతి వేరు. గట్టు మీద బంకమట్టి తడిసిందంటే కాలు జారి మోకాలు మెలిపడుతుంది. ఆ రోజుల్లో నేనూ పెద్దల జట్టులోనే, సిమెంటు రోడ్డు మీద గొడుగేసుకుని.