డిలీటా, ట్రంకేటా: టేబుల్ ఖాళీ చేయడానికి ఏది మేలు?

ద్వారకానగర్‌లో కోచింగ్ తీసుకుంటున్న పిల్లలు ఇంటర్వ్యూకి వెళ్లే ముందు నన్ను అడిగేది ఎప్పుడూ ఒకటే: "అన్నా, టేబుల్‌లో డేటా తీసేయాలంటే డిలీట్ మంచిదా, ట్రంకేట్ మంచిదా?" రెండూ డేటాబేస్ టేబుల్‌లోని డేటా తీసేసే ఎస్‌క్యూఎల్ ఆదేశాలే. జవాబు వాళ్ల నోట్సులోనే ఉంటుంది: ట్రంకేట్ ఫాస్ట్, డిలీట్ స్లో. తప్పేం కాదు. డిలీట్ ఒక్కో వరుసనూ తీస్తూ లాగ్‌లో రాసుకుంటుంది. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో ట్రంకేట్ అంటే దాదాపు టేబుల్‌ని పడగొట్టి మళ్లీ కట్టడమే. లక్షల వరుసలుంటే తేడా బాగా తెలుస్తుంది.

నేను మాత్రం స్పీడు కంటే ముందు చూసేది వేరు. పొరపాటు జరిగితే వెనక్కి తెచ్చుకోగలమా?

మొన్న గాజువాకలో మా బావ హార్డ్‌వేర్ షాపు సిస్టమ్‌లో పాత కొటేషన్లు తీసేయడానికి కూర్చున్నాను. మైఎస్‌క్యూఎల్, ఇన్నోడీబీ టేబుల్ (ట్రాన్సాక్షన్లు పనిచేసే రకం). ముందు స్టార్ట్ ట్రాన్సాక్షన్ కొట్టి (ఇక కమిట్ అనేదాకా ఏ మార్పూ ఖాయం కాదు), తర్వాత డిలీట్ ఇచ్చాను. ఏ వరుసలు తీయాలో చెప్పే వేర్ షరతులో తేదీ దగ్గర 'కంటే తక్కువ' గుర్తు పెట్టాల్సిన చోట 'కంటే ఎక్కువ' పడింది. 3 వేల వరుసలు పోవాల్సింది, 11 వేలు పోయినట్టు స్క్రీన్ మీద కనిపించింది. ఒక్క క్షణం చేతులు ఆడలేదు. రోల్‌బ్యాక్ కొట్టాను. అన్నీ తిరిగొచ్చాయి.

ఆ స్టార్ట్ ట్రాన్సాక్షన్ లేకపోతే డిలీట్ కూడా కాపాడేది కాదు. మైఎస్‌క్యూఎల్‌లో ఆటోకమిట్ మొదటినుంచీ ఆన్‌లోనే ఉంటుంది, కొట్టగానే ఖాయమైపోతుంది. అందుకే ఇప్పుడు అదే వేర్‌తో ముందు సెలెక్ట్ కౌంట్ కొట్టి ఎన్ని వరుసలో చూస్తాను. డిలీట్ చెప్పిన సంఖ్య దానితో సరిపోతేనే కమిట్.

ట్రంకేట్‌కి వేర్ పెట్టే వీల్లేదు, టేబుల్ మొత్తం ఖాళీ అవుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో రోల్‌బ్యాక్ కూడా పనిచేయదు, వరుసలకు తనంతట తానే నంబరిచ్చే ఆటో ఇంక్రిమెంట్ మళ్లీ మొదటికొస్తుంది. వేరే టేబుల్ ఫారిన్ కీతో, అంటే ఈ టేబుల్ వరుసలకు కట్టిన లింకుతో, పట్టుకుని ఉంటే ఒప్పుకోదు. పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్‌లో కథ వేరు: ట్రాన్సాక్షన్ లోపల చేసిన ట్రంకేట్‌ని వెనక్కి తిప్పొచ్చు, రీస్టార్ట్ ఐడెంటిటీ అని చెబితే తప్ప నంబర్లు మళ్లీ మొదటికి రావు. కాబట్టి ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న వస్తే, ముందు ఏ డేటాబేస్ అని అడగండి.

డ్రాప్ సంగతి రెండు ముక్కలు: టేబులే పోతుంది. ఖాళీ చేయడానికి అది వద్దు.

టెస్టింగ్ కోసం పెట్టుకున్న టేబుల్ అయితే నేనూ ట్రంకేటే కొడతాను. బావ షాపు డేటా మీద మాత్రం డిలీటే, అదీ ట్రాన్సాక్షన్‌లోనే.