లిగమెంట్ ఆపరేషన్ తర్వాత వాడిన జెల్ ఐస్ ర్యాప్: కొనొచ్చు, కానీ డబ్బా మీది బొమ్మను నమ్మకండి

ఏసీఎల్ (మోకాలి లోపలి ఒక లిగమెంట్) సర్జరీ అయ్యాక మోకాలికి చుట్టుకునే జెల్ ర్యాప్ కొన్నాను. పట్టీలు బిగిస్తే చల్లదనంతో పాటు కొంచెం ఒత్తిడి కూడా తగులుతుంది, మామూలు ఐస్ సంచిలా జారిపోదు. అంతవరకు బాగుంది.

ఫ్రీజర్‌లోంచి తీయగానే మాత్రం రాయిలా ఉంటుంది, మోకాలికి అస్సలు వంగదు, కాసేపు బయట పెట్టి ఆగాల్సిందే. వెల్‌క్రోకి నూలు పట్టేసి పట్టు తగ్గుతోంది. లోపల ఒక గుడ్డ పొర ఇచ్చుంటే బాగుండేది, ఎందుకంటే కుట్ల పక్కన చర్మం చాలామందికి మొద్దుబారి ఉంటుంది, చల్లదనం ఎక్కువై చర్మం పాడవుతున్నా తెలియదు. పల్చటి టవల్ వేసుకుని 15-20 నిమిషాలు, అంతే.

అసలు చిరాకు డబ్బా మీద బొమ్మతో. అందులో మనిషి మోకాలి కింద దిండు పెట్టుకుని హాయిగా పడుకున్నాడు! ఫిజియోలు వద్దు వద్దు అని మొత్తుకునేది అదే. అలా వంచి ఉంచడానికి అలవాటుపడితే కాలు పూర్తిగా చాపడం రాదు, కుంటుతూ నడుస్తాం, చిప్ప మీద ఒత్తిడి పెరిగి మోకాలి ముందు భాగంలో నొప్పి మొదలవుతుంది. చుట్టిన టవల్ మడమ కింద పెట్టాలి, మోకాలి కింద కాదు.

ఈ ర్యాప్‌తో ఆ మోకాలి ముందు నొప్పి రాకుండా ఉంటుందా అంటే, ఒక్కదానితో కాదు. కీలులో వాపు ఉంటే తొడ ముందు కండరం సరిగ్గా బిగుసుకోదు, అది బలహీనపడితే భారమంతా కీలు మీదే. వ్యాయామానికి ముందు కాసేపు ఇది చుట్టుకుంటే నొప్పి తగ్గి, తొడ బిగించడం, కాలు నిటారుగా లేపడం తేలికవుతాయి, నా దృష్టిలో దీని అసలు ఉపయోగం అదే. చుట్టుకుని టీవీ ముందు కూర్చుంటే మాత్రం డబ్బులు దండగ. పటెల్లర్ టెండన్ (చిప్ప కింద ఉండే స్నాయువు) నుంచి గ్రాఫ్ట్, అంటే కొత్త లిగమెంట్ కోసం ముక్క, తీసినవాళ్లకు మోకాళ్ల మీద కూర్చుంటే మోకాలి ముందు భాగంలో నొప్పి ఎక్కువ, దానికి ఏ ర్యాప్ కొన్నా పెద్ద తేడా ఉండదు.

వ్యాయామం చేసిన మర్నాడు వాపు పెరిగితే మోతాదు తగ్గించండి, ఐస్‌తో కప్పిపుచ్చి అలాగే లాగించొద్దు. పిక్కలో నొప్పీ వాపూ వచ్చినా, జ్వరం వచ్చినా ర్యాప్ పక్కన పెట్టి వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయండి.

5కి 3.5 ఇస్తాను. రెండు జెల్ ప్యాకులు ఉన్న మోడల్ దొరికితే అది తీసుకోండి, ఒకటి గడ్డకట్టేలోపు రెండోది వాడొచ్చు.