పిల్లలకు పాట నేర్పాలంటే ఏది మేలు: యాక్షన్ సాంగా, బోర్డు తుడిచే ఆటా?

చర్చిల్లో ఆదివారం పూట పిల్లలకు నేర్పే సండే స్కూల్ టీచర్లు మాటిమాటికీ అడిగే ప్రశ్న ఇది. "మాటలకి తగ్గట్టు చేతులతో యాక్షన్లు చేయిస్తే పిల్లలు భలే హుషారుగా ఉంటున్నారండీ, కానీ పాట మాత్రం రావట్లేదు. ఏ ఆట ఆడిస్తే వస్తుంది?" సగం జవాబు ప్రశ్నలోనే ఉంది. హుషారు వేరు, పాట రావడం వేరు. రెండూ ఒకేసారి ఇచ్చే ఆటలు తక్కువే.

నేను చూసేది ఒక్కటే, వచ్చే ఆదివారం. క్లాసు చివర్లో ఎంత గట్టిగా పాడారన్నది నాకు లెక్కలోకి రాదు. మళ్ళీ వారం వచ్చి కూర్చున్నాక, టీచర్ మొదటి మాట అందించి ఊరుకుంటే రెండో లైను పిల్లల నోట వస్తుందా, లేదా?

ముందు యాక్షన్ల సంగతి. మూడు నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలకు వీటిని మించింది లేదు. చదవడం రాదు, కుదురుగా కూర్చోరు. చేతికి పని దొరికితేనే వింటారు. అయితే ఈసారి చేయిస్తున్నప్పుడు మీ గొంతు ఒక్క లైను ఆపి, వెనక వరస పిల్లల్ని చూడండి. చేతులు ఆడుతూనే ఉంటాయి, పెదాలు కదలవు. కళ్ళన్నీ టీచర్ చేతుల మీదే. ఆవిడ చెయ్యి లేచిన అరక్షణానికి వీళ్ళ చేతులు లేస్తాయి. గుర్తుపెట్టుకునే పనంతా టీచరే చేస్తోంది, పిల్లలు చూసి చేస్తున్నారంతే. పైగా కొందరు మాట మాటకీ ఒక యాక్షన్ పెట్టేస్తారు. ఆ చేతులు తిప్పడంలో పడి పిల్లలు పాట వదిలేస్తారు. లైనుకి ఒకటి చాలు. అదీ పిల్లల చేతే కట్టించండి. "ఈ లైనుకి ఏం చేద్దాం?" అంటే అసలు ఆ లైనులో ఏముందో వాళ్ళే తేల్చుకోవాలి. ఆ వాదులాట ముగిసేసరికి లైను నాలుగైదుసార్లు నోట్లో నానుతుంది.

చదవడం వచ్చిన పిల్లలకైతే నా ఓటు బోర్డుకే. ఆట తెలిసిందే. ఒక చరణం బోర్డు మీద రాస్తాం, అందరూ పాడతారు, ఒకరు వచ్చి ఒక మాట తుడిచేస్తారు, మళ్ళీ అందరూ పాడతారు. బోర్డు ఖాళీ అయ్యేదాకా ఇంతే. తెలిసిన ఆటే అయినా చాలామంది దీన్ని పైపైన ఆడించి వదిలేస్తారు. మెళకువంతా ఏ మాట ఎప్పుడు తుడవాలన్నదాంట్లో ఉంది.

ముందుగా ప్రతి లైను చివరి మాటలు తుడిపించండి. ప్రాస కలుస్తుంది కాబట్టి పిల్లలు ఇట్టే పట్టేస్తారు, ధైర్యం వస్తుంది. తర్వాత మధ్యలోవి. లైను మొదటి మాటలు మాత్రం ఆఖరిదాకా ఉంచాలి. పెద్దవాళ్ళం కూడా పాట మరిచిపోయేది లైను మధ్యలో కాదు, ఒక లైను అయ్యి ఇంకోటి ఎత్తుకునే చోట. మొదటి మాట దొరికితే మిగతాది దానంతటదే వస్తుంది. తుడిచిన చోటు ఖాళీగానే ఉండాలి, మిగిలిన మాటల్ని దగ్గరికి జరిపి రాయకూడదు. సగం బోర్డు తుడిచేశాక పిల్లలు ఆ ఖాళీ వైపు వేలు పెట్టి చూపిస్తూ, అక్కడ ఇంకా అక్షరాలున్నట్టే పాడతారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. చదవడంలో వెనకబడ్డ పిల్లలకైతే బోర్డు ఖాళీ అవుతున్నకొద్దీ బలం వస్తుంది, అప్పుడు అందరూ సమానమే కదా.

టీచర్‌కి కష్టమైన పని ఒకటుంది. పిల్లలు తడుముకుంటున్నప్పుడు మాట అందించకుండా నోరు మూసుకోవడం. ఆ తడుముకోవడమే నేర్చుకోవడం. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థుల మీద చేసిన ప్రయోగం ఒకటుంది. కొందరు పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివారు, ఇంకొందరు పుస్తకం మూసి గుర్తుచేసుకుని రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత అడిగితే తారుమారైంది, గుర్తుచేసుకున్నవాళ్ళే ముందున్నారు. అది వచన పాఠం, పాట కాదు, వాళ్ళు పిల్లలూ కాదు. అయినా ఆ వారం గడువు సరిగ్గా మన ఆదివారం నుంచి ఆదివారానికి సరిపోతుంది. క్లాసులో అదరగొట్టిన పాట మరుసటి వారానికి ఎందుకు ఎగిరిపోతుందో నాకు అందులో కనిపిస్తుంది.

బోర్డుకీ లోపాలున్నాయి. గట్టి గొంతున్న ఇద్దరు పాడేస్తుంటే మిగతావాళ్ళు వాళ్ళ చాటున దాక్కుంటారు. క్లాసుని రెండు జట్లు చేసి లైను విడిచి లైను పాడిస్తే ఎవరికి రాలేదో బయటపడుతుంది. చదవడం రాని పిల్లలకు మాటల బదులు బొమ్మలు గీసి తుడిపించవచ్చు. గొర్రెపిల్ల, కొండ, వెలుగు అయితే గీయగలం. కృపని గీయాలని కుస్తీ పట్టకండి, ఆ మాట వాళ్ళు విని నేర్చుకుంటారు.

టీచర్ ఒక లైను అంటే పిల్లలు అందుకోవడం చాలా పాత పద్ధతి. ఇంగ్లండ్ పార్లమెంటు 1645లో ఆమోదించిన ఆరాధన క్రమంలోనే, చదువు రానివాళ్ళు ఎక్కువున్న చోట కీర్తనని లైను లైనుగా చదివి వినిపించి పాడించమని ఉంది. కొత్త రాగం చెవిన వేయడానికి మొదటి రోజు ఇదే మంచిది. అక్కడితో ఆపేయాలి, లేకపోతే పిల్లలు ఎప్పటికీ వెనకపాటే పాడతారు.

స్వరాలకి చేతి గుర్తులు చూపించే పద్ధతీ సండే స్కూళ్ళ అవసరంలోంచి పెరిగిందే. 1841లో ఇంగ్లండ్‌లోని హల్ పట్టణంలో జరిగిన సండే స్కూల్ టీచర్ల సమావేశంలో, పాట నేర్పే సులువైన దారి వెతకమని జాన్ కర్వెన్ అనే పాస్టర్‌కి అప్పగించారు. ఆయన సారా గ్లోవర్ అనే టీచర్ స్వరాలను పేర్లతో పాడించే పద్ధతిని తీసుకుని పెంచాడు, గుర్తులు తర్వాత చేర్చాడు. రాగం తప్పుతున్న పిల్లలకు పనికొస్తుంది కానీ మాటలు గుర్తుండటానికి కాదు. క్వయర్‌కి, అంటే చర్చి గాయక బృందానికి వెళ్ళే పిల్లలు ఉంటే చూడండి.

లైన్లు చీటీల మీద రాసి కలిపేసి, వరసలో పెట్టించే ఆట రెండో వారం గుర్తుచేయడానికి బాగుంటుంది. గిలకలు, డప్పులు చివరి అయిదు నిమిషాలకి చాలు. బహుమతుల పోటీ పెడితే, పాట ముందే వచ్చినవాళ్ళకే బహుమతి కూడా వస్తుంది.

స్క్రీన్ మీద పాట వేసి పాడించడం నాకు నచ్చదు. మాటలు చివరిదాకా కళ్ళ ముందే ఉంటాయి, కాబట్టి గుర్తుచేసుకునే అవసరమే రాదు. శ్రుతి కూడా చూసుకోవాలి. పెద్దవాళ్ళ గొంతుకి సరిపోయే కింది శ్రుతిలో ఉంటే పిల్లలు పాడలేక గొణుగుతారు.

అన్ని వయసులవాళ్ళూ ఒకే గదిలో ఉంటే రెండూ కలపండి. పెద్దపిల్లలు మాటలు తుడుస్తారు, ఆ లైనుకి యాక్షన్ ఏమిటో చిన్నవాళ్ళు ఎదురుగా నిలబడి చూపిస్తారు. చివరి రెండుసార్లు చిన్నవాళ్ళని కూర్చోబెట్టి, యాక్షన్లు కూడా ఆపేసి పాడించండి.