స్టీరియో మైకు బాడీకి ప్రాణం పోసిన లేత్ షాపు

ఉత్తరాంధ్ర జానపద నృత్యం తప్పెటగుళ్లు రికార్డు చేయాలని నాకు ఎప్పటి నుంచో కోరిక. రొమ్ము మీద రేకు తప్పెట వాయిస్తూ బృందం గుండ్రంగా తిరుగుతుంటే ఆ మోత ఒక చెవి నుంచి రెండో చెవికి నడిచొస్తుంది. ఫోన్‌లో తీస్తే అంతా ఒకటే ముద్ద. అందుకే 10 మి.మీ. ఎలక్ట్రెట్ క్యాప్సూల్స్ (శబ్దాన్ని పట్టే చిన్న మైకు బిళ్లలు) రెండు కొని స్టీరియో మైకు సొంతంగా మొదలుపెట్టాను. వైరింగ్ ఒక్క సాయంత్రంలో అయిపోయింది. బాడీకే మూడు నెలలు పట్టింది.

మొదట ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్‌తో త్రీడీ ప్రింట్ చేయించాను. షీల్డింగ్, అంటే కరెంటు మోతను అడ్డుకునే లోహపు తొడుగు లేక బుయ్‌మని మోత. లోపల రాగి రేకు అంటించినా పూర్తిగా పోలేదు. గోడలు పల్చన కావడంతో వేలు కదిపినా చప్పుడే.

ఆఖరికి విజయనగరంలో రింగ్ రోడ్డు వైపు ఒక చిన్న లేత్ షాపుకి వెళ్లాను. మోటారు షాఫ్టులూ బుష్‌లూ తిప్పే చోటు. నేను గీసిన బొమ్మ చూసి మేస్త్రి గారు, "ఏటి బాబూ, రెండు పక్కలా బొక్కలు, మజ్జలో మర. ఇది దేనికి?" అన్నారు. రెండు చెవుల్లాగా 17 సెం.మీ. ఎడం ఉండాలని, ఆ దూరం దాటడానికి శబ్దానికి పట్టే అర మిల్లీసెకను వల్ల కూడా ఏ పక్క నుంచి వస్తోందో మనకు తెలుస్తుందని చెప్పాను. మిషన్ ఆపి మరీ విన్నారు.

అల్యూమినియం పైపు, రెండు చివర్లా మూతలు. క్యాప్సూల్ ముఖం మూత అంచుతో సమానంగా ఉండాలి. లోపలికి దిగితే ఆ గుంటే మోగి పాట గొంతు మారిపోతుంది. నేను బెజ్జం సరిగ్గా 10 మి.మీ. అడిగితే ఆయన ఒప్పుకోలేదు. 11కి తిప్పి, లోపల సన్న గాడి తీసి రబ్బరు రింగు కూర్చోబెట్టారు. పాడైన క్యాప్సూల్ ఒకటి ఇస్తే బొటనవేలితో నొక్కి చూడడం, తీసి గాడిని వెంట్రుకవాసి పెంచడం, మళ్లీ నొక్కడం. ఇలా మూడుసార్లు. ఇప్పుడు క్యాప్సూల్ ఎక్కడా లోహానికి తగలదు, చేతి చప్పుడు చాలా వరకు పోయింది.

స్టాండు మరకి ఆయన దగ్గర 5/8 అంగుళాల ట్యాపు (లోపలి మర కోసే పనిముట్టు) లేదు, 3/8 ఉంది. అది కూడా మైకు స్టాండ్లకు వాడేదే. పైపు గోడ 3 మి.మీ.యే, రెండు మరలు కూడా నిలవవని లోపల దిమ్మ పెట్టి దానికి మర కోశారు. ఈ సంగతి నాకు తట్టనే లేదు. అల్యూమినియానికి మామూలు సోల్డర్ అంటుకోదు కాబట్టి గ్రౌండ్ వైరుకి చిన్న స్క్రూ బెజ్జం కూడా వేయించాను. అది బిగించాక కరెంటు మోత లేదు.

లోపాలూ ఉన్నాయి. నాలుగు రోజులన్నది పదకొండు రోజులైంది. వైరు బయటికొచ్చే బెజ్జం అంచు గీయకుండా వదిలేశారు. వైరు తోలు తెగితే నేనే ఆకురాయి పట్టాను. మొత్తం 650 రూపాయలు తీసుకున్నారు. ఆ పనితనానికి తక్కువే.

మొన్న బొబ్బిలి దగ్గర ఒక ఊళ్లో తప్పెటగుళ్లు తీశాను. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుంటే గజ్జెలు ఎడమ నుంచి కుడికి తిరుగుతున్నాయి. మీరూ చేయించుకోవాలంటే కాగితం మీద కొలతలు చాలవు, పాత క్యాప్సూల్ ఒకటి జేబులో వేసుకెళ్లండి.