పాత రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేశా, ఆర్నెల్లు వాడాక చెప్తున్నా

మా ఇంట్లో వైఫై రౌటర్ కొని ఆరేళ్లు దాటింది. ఏ కంపెనీదో చెప్పను గానీ డబ్బా ఇంకా గట్టిగానే ఉంది, వచ్చిన చిక్కల్లా కంపెనీవాళ్లు దాన్ని ఎప్పుడో గాలికొదిలేశారు, వాళ్ల సైట్‌లో చివరి ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్) 2020ది. అంటే ఆ తర్వాత బయటపడిన సెక్యూరిటీ బొక్కలేవీ పూడ్చనట్టే కదా. కొత్తది కొనేద్దామనుకున్నా, మళ్లీ సర్లే ముందు ఫ్రీగా దొరికేది చూద్దాం అని ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేశా.

తెలీనోళ్లకి ఒక్క ముక్క: రౌటర్‌లో కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసేసి దాని ప్లేస్‌లో వేసుకునే లైనక్స్ (ఫ్రీ ఆపరేటింగ్ సిస్టమ్) ఇది. 2004 నుంచి ఉంది. లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ అని అప్పట్లో ఒక నీలం రౌటర్ ఉండేది, దాని కోడ్ బయటికి ఇవ్వాల్సి రావడంతో మొదలైన కథ, పేర్లో ఆ డబ్ల్యూఆర్‌టీ అందుకే. పైసా ఖర్చు లేదు.

ఇక వెయ్యడం. వాళ్ల సైట్‌లో ఫర్మ్‌వేర్ సెలెక్టర్ అని ఉంటుంది, మోడల్ పేరు కొడితే ఫైళ్లు చూపిస్తుంది. ఇక్కడే జాగ్రత్త బాబూ, ఒకే మోడల్ పేరు మీద వీ2, వీ4, వీ5 అని అమ్ముతారు, పైనుంచి చూస్తే కవల పిల్లల్లా ఉంటాయి, లోపల చిప్పులే వేరు. నేను గుడ్డిగా వీ4 ఫైలు దింపేశా, తర్వాత ఎందుకో అనుమానమొచ్చి డబ్బా తిరగేసి కళ్లజోడు పెట్టుకుని స్టిక్కర్ చూస్తే వీ5. గుండె జారిపోయింది. ఇంకోటి, ఫ్యాక్టరీ అని ఒక ఫైలు, సిస్‌అప్‌గ్రేడ్ అని ఇంకో ఫైలు ఉంటాయి, కంపెనీ సాఫ్ట్‌వేర్ మీంచి మొదటిసారి వేసేటప్పుడు మామూలుగా ఫ్యాక్టరీ ఫైలు, ఆ తర్వాత ఎప్పుడు అప్‌డేట్ చేసినా సిస్‌అప్‌గ్రేడ్. దింపాక పక్కనే ఇచ్చిన షా256 నంబర్‌తో (ఫైలు సరిగ్గా దిగిందో లేదో తేల్చే గుర్తు) సరిచూసుకోండి, విండోస్‌లో సర్ట్‌యుటిల్ కమాండ్‌తో అర నిమిషం పని.

లాప్‌టాప్‌ని లాన్ కేబుల్‌తోనే కలపాలి, వైఫై మీద ఈ పని పెట్టుకోవద్దు. కరెంటు సంగతి సరే సరి, ఫ్లాష్‌లోకి (రౌటర్ సాఫ్ట్‌వేర్ ఉండే మెమరీ) రాస్తుండగా పోయిందంటే డబ్బా బ్రిక్కే, అంటే ఇటుకలా పనికిరాకుండా పోవచ్చు, అందుకే నేను రౌటర్‌ని ఇన్వర్టర్ లైన్‌లో పెట్టి మొదలెట్టా.

అప్‌డేట్ అయిపోయింది, లైట్లు వెలిగాయి, ఫోన్‌లో చూస్తే వైఫై పేరే లేదు! మా ఆవిడకి ఇంకో పావుగంటలో ఆఫీసు కాల్, ఆమె చూపు చూసి నాకు చెమటలు. లాప్‌టాప్‌లో రౌటర్ సెట్టింగుల అడ్రస్ 192.168.1.1 కొడితే పేజీ రాదు. చివరికి తేలిందేంటంటే పాత రౌటర్ కోసం నేనే ఎప్పుడో లాప్‌టాప్‌కి 192.168.0.10 అని ఐపీ చేత్తో ఇచ్చి మర్చిపోయా, దాన్ని ఆటోమేటిక్‌లో పెట్టగానే పేజీ వచ్చేసింది. వైఫై కూడా పాడవలేదు, నేను వేసిన వెర్షన్‌లో మొదట్లో ఆఫ్‌లోనే ఉంటుంది, మనమే పాస్‌వర్డ్ పెట్టి ఆన్ చేసుకోవాలి. మీది పీపీపీఓఈ (రౌటర్ లాగిన్ అయితేనే నెట్ వచ్చే రకం) కనెక్షన్ అయితే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ముందే కేబుల్ అబ్బాయిని అడిగి రాసి పెట్టుకోండి, అన్నీ తీసేశాక ఫోన్ చేస్తే ఆయన ఎత్తడు.

నాకు బాగా నచ్చింది మాత్రం ఎస్‌క్యూఎం, అంటే నెట్‌లో డేటా క్యూని అదుపులో పెట్టేది. ఇంతకు ముందు పిల్లాడు గేమ్ డౌన్‌లోడ్ పెట్టాడంటే చాలు మా ఆవిడ కాల్‌లో గొంతు ముక్కలు ముక్కలయ్యేది, లైన్ చూస్తే 100 ఎంబీపీఎస్, మరి స్పీడ్ లేక కాదు, డేటా ప్యాకెట్లు క్యూలో పేరుకుపోయి లేటవ్వడం వల్ల. ఎస్‌క్యూఎం ప్యాకేజీ (విడిగా వేసుకునే అదనపు సాఫ్ట్‌వేర్) వేసి లిమిట్ 85 ఎంబీపీఎస్‌కి పెట్టా, ఆ 15 పోతే పోయింది, ఇప్పుడు ఎవడు ఏం దింపుకున్నా కాల్ నున్నగా వెళ్తోంది. చిన్న ప్రాసెసర్ డబ్బాల్లో పెద్ద స్పీడ్‌లకి ఇది లాగలేదు, అది గుర్తుంచుకోండి.

నచ్చనిది కూడా ఉంది. తర్వాతి అప్‌డేట్ మామూలు సిస్‌అప్‌గ్రేడ్ ఫైలుతో చేస్తే సెట్టింగులు ఉంటాయి గానీ మనం విడిగా వేసుకున్న ప్యాకేజీలు పోతాయి, మొదటిసారి తెలీక ఎస్‌క్యూఎం ఏమైందా అని గంట వెతికా. అటెండెడ్ సిస్‌అప్‌గ్రేడ్ అని ఉంది, మన ప్యాకేజీలతో కలిపే ఇమేజ్ (ఫర్మ్‌వేర్ ఫైలు) తయారుచేసి ఇస్తుంది, అది వాడండి. 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ ఉన్న మరీ పాత డబ్బాలైతే వదిలేయండి, కొత్త వెర్షన్లు వాటిలో పట్టవు.

నా రేటింగ్ 5కి 4. ఇది చూసి మా బావమరిది తన రౌటర్‌కి కూడా వెయ్యమని ఒకటే గొడవ, ముందు డబ్బా తిరగేసి స్టిక్కర్ ఫొటో పంపరా అన్నా, వారమైంది ఇంకా పంపలా.